ఉప్పులేని నీళ్ళు

ముందు ఒళ్ళు రుద్దుకోవాలి. ఇక్కడి చట్టం అది.
ఎక్కడెక్కడ సబ్బు పెట్టాలో
గోడ మీద మనిషి బొమ్మ గీసి
ఎర్రరంగు పూసి మరీ చెప్పారు.
కాపలా ఉండే థోర్‌గెర్దుర్
నా పొట్ట మీది కుట్ల గీత చూసింది,
సబ్బు చేతికిచ్చి అటు తిరిగింది.

పక్కన ఇద్దరు ముసలమ్మలు
దిసమొలతో, నింపాదిగా
బంగాళాదుంపల ధర మాట్లాడుకుంటున్నారు.
ఒకావిడ తడిచేత్తో బిడ్డ అరికాలు పట్టుకుని
"పేరేంటే?" అంది.

ఇంకా పెట్టలేదు.
ఐస్‌లాండ్ పడమటి కొసన పేరుకి తొందరేమీ లేదు,
ముఖం కుదురుకునేదాకా ఆగుతాం.
పదకొండు వారాలుగా ఇది ఉత్త పిల్ల.

బయట ఫిబ్రవరి. మంచు అడ్డంగా కురుస్తోంది.
అద్దానికి అవతల, నడవాలో బెంచీ మీద
మా నాన్న అస్‌గ్రీముర్,
కోటు జిప్పు గడ్డందాకా లాక్కుని.
నలభై ఒక్క చలికాలాలు కాడ్ చేపల వెంట తిరిగాడు.
ఈత రాదు.
ఆయన పడవలో ఎవరికీ రాదు.
"వస్తే మాత్రం ఏముంది, చావు కాస్త ఆలస్యమవుతుంది"
అనేవాడు, సూప్ గిన్నెలోకి ఉప్పు అందుకుంటూ.
అమ్మ ఒక్కసారీ నవ్వలేదు ఆ మాటకి.
ఒక ఏడు మా వీధిలో రెండిళ్ళవాళ్ళు
ఒకే వారంలో ఆశకి నీళ్ళొదులుకున్నారు.

మాకు బళ్ళో ఈత తప్పనిసరి.
సర్టిఫికెట్ తెచ్చిన రోజు
నాన్న దాన్ని తిప్పి, వెనక వైపు కూడా చూశాడు,
ఇంకేదో రాసుంటుందన్నట్టు.

గుండెలదాకా నీళ్ళు.
భూమి కాచిన నీళ్ళు, కొంచెం అగ్గిపుల్ల వాసన.
"బిడ్డకి నీళ్ళు కొత్త కాదు, గాలే కొత్త"
అన్నాడు ఈత నేర్పే హ్యాల్తి.
ప్రతి జట్టుకీ ఇదే చెప్తాట్ట.
"తల కింద రెండు వేళ్ళు చాలు" అన్నాడు.
నా చేతులు వినలేదు.
అప్పు తీర్చేటప్పుడు నోట్లు లెక్కపెట్టినట్టు
ఒక్కో వేలూ, ఒక్కో వేలూ తీశాను.

ఏడవలేదు.
చెవులు మునిగాయి. కళ్ళు పెద్దవయ్యాయి.
పక్కగదిలో తెలిసిన గొంతేదో వినబడితే
ఎవరైనా అలాగే ఆగుతారు.
తర్వాత తన్నింది.
కుడి, కుడి, ఆగి, ఎడమ.

ఆ తాపు నాకు తెలుసు.
అర్ధరాత్రి రెండింటికి, పక్కటెముక కింద,
నెలల తరబడి, లోపలినుంచి తెలుసు.
కుడి, కుడి, ఆగి, ఎడమ.
ఇదా ఆ కాలు!
ఇంత చిన్నదా,
మడమ దగ్గర ముడతపడి, ఎర్రగా?

కాసిని పాలు కక్కింది కూడా.
హ్యాల్తి చిన్న జల్లెడతో తీసేశాడు,
టీలో మీగడ తీసినంత మామూలుగా.
"ఇప్పుడు" అన్నాడు.
ముఖం మీద ఊదాను, చెప్పినట్టే.
పిల్ల కళ్ళు మూసుకుంది.
నీళ్ళు మీదుగా మూసుకున్నాయి.

ఆ క్షణంలో నేను పిల్లని చూడాలి.
ఎందుకో అద్దం వైపు చూశాను.
నాన్న లేచి నిలబడున్నాడు.
ముక్కు అద్దానికి ఆనించి ఉంది,
అయినా దానిమీద ఆవిరి లేదు.
ఊపిరి బిగపట్టాడు.

తుమ్ముకుంటూ పైకొచ్చింది పిల్ల.
అద్దం మీద పళ్ళెమంత తెల్లటి గుండ్రం
ఒక్కసారిగా పరుచుకుంది.
అందులో ఆయన కనబడలేదు.
కోటు చెయ్యి అటూ ఇటూ తుడవడం మాత్రం కనబడింది.

తర్వాత, బట్టలు మార్చుకునే గది బయట
తువ్వాలు మూటని ఆయన చేతిలో పెట్టాను.
నెత్తిన ముద్దుపెట్టుకున్నాడు.
పెదాలు నాక్కున్నాడు.
"ఉప్పు లేదే!" అన్నాడు,
ఎవరో మోసం చేసినట్టు.

కారులో హీటర్ పెద్దది చేశాడు.
మలుపు తిరిగాక అడిగాడు:
"మళ్ళీ ఎప్పుడు?"
మంగళవారం.
పనులన్నీ మానేసి ఆరేళ్ళయిన మనిషి
మంగళవారం ఖాళీయో కాదో చూసుకుంటున్నట్టు
చర్చి దాటేదాకా నీళ్ళు నమిలాడు.
"ఆ కాళ్ళు" అన్నాడు చివరికి,
"మీ అమ్మవి."