స్టూలుకు నాలుగు చెప్పులు

ఆ బండ నేనే తెచ్చినా.
తాడిపత్రిలో నేను పనిచేసే పాలిష్ ఫ్యాక్టరీలో
అంచు విరిగిందని పక్కకు పడేసిన నల్లబండ.
రెండు పూటలు మెషిన్ కింద పెట్టి
మొగం కనపడేదాకా మెరుగు తీసి
మా బచ్చలింట్లో పరిచినా.
వీధిలో నలుగురికీ పిలిచి చూపించినా కూడా.

మా అత్త కుళ్ళాయమ్మ
దాని మీదే జారింది.

ఎముక విరగలేదు. తుంటి కమిలింది.
నెల రోజులు గోడ పట్టుకోని నడిచింది.
నన్ను ఒక్క మాటా అనలేదు.
నేను ఇల్లరికం వచ్చి పంతొమ్మిదేళ్ళు,
ఆమె నాతో నేరుగా మాట్లాడిందే లేదు.
ఏం చెప్పాలన్నా కూతురికి చెప్తాది,
నాకు వినపడేంత గట్టిగా.

"కుర్చీలో కూచోబెట్టి నీళ్ళు పోసేది
పీనుగకే వన్నూరమ్మా!
నాకొద్దని చెప్పు మీ ఆయనకు."

గొంతుక్కూచుంటే మోకాళ్ళు లేవవు.
నిలబడితే తల తిరుగుతాది.
ఇంకేం చేయాల?

మస్తాన్‌వలి అంగట్లో మూడు రకాలున్నాయి.
ఒకటి పెళ్ళిళ్ళలో వేసే ప్లాస్టిక్ కుర్చీకి తమ్ముడు,
తడి నేల మీద తోస్తే పడవ మాదిరి పోయింది.
ఒకటి చక్రాలది, దాన్ని చూస్తానే ఆస్పత్రి వాసన.
మూడోది అల్యూమినియం.
పలకకు చిల్లులు, రెండు పక్కలా పిడులు,
కాళ్ళు పొడుగూ పొట్టీ చేసుకోవచ్చు.
"మనిషి బరువెంత?" అన్నాడు.
ఇప్పుడు నలభై మూడు కిలోలు.
ఒకప్పుడు చంకలో బిడ్డనూ
భుజాన ఉలి, సుత్తి సంచినీ కలుపుకుంటే
ఆ లెక్క నాకు తెలీదు.
నేనే ఎక్కి కూచున్నా, ఎనభై రెండు.
ఊగినా. పక్కకు ఒరిగినా.
అంగట్లో జనం నవ్వినారు.
అది కిర్రుమనలేదు.

పాదాలు రెండూ నేలకు ఆనాల.
మడమ నుంచి మోకాటి మడత దాకా
వన్నూరమ్మ దారం పెట్టి కొలిచింది.
"పాడెకు కొలత తీస్తాండారా ఇప్పుడే?"
ఆ దారానికి ముడేసి జేబులో పెట్టుకున్నా.

బండ సంగతి ఆమే తేల్చింది.
వయసులో ఊరూరూ తిరిగి
రోళ్ళకు, తిరగళ్ళకు గంట్లు కొట్టిన మనిషి.
"నున్నటి రోట్లో పిండి నలగదు,
నున్నటి బండ మీద కాలు నిలవదు.
గంట్లు కొట్టమని చెప్పు."
ట్రంకుపెట్టె అడుగు నుంచి ఉలి తీయించింది.
గడప అవతల కూచోని
నా చెయ్యి వంకర పోయినప్పుడల్లా
దగ్గింది.
నేను పెట్టిన మెరుపంతా
నేనే చెరిపినా.

లోపలికి నేను పోకూడదు, అల్లుణ్ణి.
వీపు రుద్దేదీ, రెక్క పట్టి లేపేదీ వన్నూరమ్మ.
నాకు మిగిలింది స్టూలు.
ఆదివారం ఎండలో తిరగేసి పెడతా.
మావి ఉప్పు నీళ్ళు,
చిల్లుల చుట్టూ తెల్లగా పేరుకుంటాది.
చింతపండు పులుసు పూసి పీచుతో తోముతా.
పలక కింద పాచి ఉందేమో వేలితో తడుముతా.
మరలు బిగిస్తా.
కాళ్ళు నాలుగూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో
జేబులో దారం తీసి చూస్తా.

కాళ్ళ కింది రబ్బరు బుడిపెలు
గంట్ల బండ మీద తొందరగా అరుగుతాయి.
కొత్తవి తొడుగుతా ఉంటే
మంచం మీద నుంచి చూసింది.
"నలభైయేళ్ళు వచ్చేదాకా నా కాళ్ళకు చెప్పుల్లేవు.
దీనికి చూడు, ఆర్నెల్లకు రెండు జతలు!"
ఆ పూట వన్నూరమ్మ ఇంట్లో లేదు.
ఎవరితో అన్నిందో
నేను అడగలేదు.

తెల్లారి ఆరింటికి వసారాలో
పేపరు పట్టుకోని కూచుంటా. చదవను.
చెంబు చప్పుడు. నీళ్ళ చప్పుడు.
ఆమె కొంచెం జరిగితే
రబ్బరు మెత్తగా మూలుగుతాది.
ఎప్పుడైనా బండ మీద లోహం
టక్కుమని పలికిందా,
పేపరు మడిచి చెప్పులేసుకుంటా.
మస్తాన్‌వలి అంగడి తెరిచేదానికి
ఇంకా మూడు గంటలుంటాది.