మేమా, మనమా

లైప్‌జిగ్ శివారు గుంతలో పుస్తకాల కుప్ప.
వాన చదువుతోంది వాటిని, తీరిగ్గా.
గెర్లిండె వంగి తన నవల ఏరుకుంది.
అట్ట మీద ధర: ఏడు మార్కుల ఎనభై.
ఆ మార్కులిప్పుడు ఎక్కడా చెల్లవు.

ఒక్క విశేషణం కోసం ఆమెను
మూడు గంటలు కూర్చోబెట్టాడొకసారి సెన్సారు గుమాస్తా.
కామాలను కూడా అనుమానించేవాడు.
అంత శ్రద్ధగా మళ్లీ ఎవరూ చదవలేదు.

తిరుగు ట్రామ్‌లో
జెండాలు కప్పుకున్న కుర్రాళ్లు
"వీర్! వీర్!" అని ఒకటే కేకలు.
మేము అన్నా, మనం అన్నా
ఆమె భాషలో ఆ ఒక్క మాటే.
నలభై ఏళ్లు రాసింది, ఎన్నడూ తట్టలేదు
దానికి తలుపు ఎటువైపుందో.

ఆ మాటలో తను ఉందో లేదో తేలక
పూలమ్మే వియత్నాం పిల్ల తుయెట్
బకెట్‌ను మోకాళ్ల మధ్యకి లాక్కుంది.

గెర్లిండె జరిగి పక్కన కూర్చుంది.
ఒళ్లోని తడి నవల నుంచి
కార్నేషన్ల బకెట్‌లోకి
చుక్క, ఇంకో చుక్క.