కాకిబంగారం

తూపిలిపాళెంలో ఎవుర్నడిగినా చెప్తారు,
పామంజి ఆర్ముగం ఓడ కథ మూడు రకాలని.
పెళ్ళాన్ని గనక నాకు మూడూ వచ్చు.

అప్పుడు నేను పాళెం వదిలి
గూడూరు కొట్లో అబ్రకం చీల్చేదాన్ని.
కాకిబంగారం అంటాం గానీ
కాకి ముట్టదు, కంసాలి కొనడు,
కొనేది సీమదొరలు.
బొటనవేలి గోటితో అంచు లేపి
కొడవలి మొన దూర్చి
పొర కింద పొర, పొర కింద పొర,
ఊపిరి తగిలితే లేచిపోయేంత పల్చగా.
ఇవి యాడికి పోతాయయ్యా అంటే
గుమాస్తా రామానుజులు నాయుడు
తూకం మీంచి కళ్ళెత్తకుండానే
"యుద్ధం ఓడలకి.
తీగల్లేకుండా మాట్టాడే పెట్టెల్లోకి" అన్నాడు.
తీగల్లేకుండా!
మా ఆయన పోయి పదినెల్లు.
ఒక కార్డు ముక్క లేదు.

చెన్నపట్నం రేవులో బొగ్గు స్టీమరెక్కి
సిడ్నీ అనే ఊరికి పోయినాడంట.
అక్కడ దిగనీలా.
తెల్లోళ్ళ దేశమంట, మన రంగుకి మెట్లు లేవంట.
వేళ్ళకి మసి పూసి కాగితమ్మీద ఒత్తించుకొని
పొద్దునా మాపూ తలకాయలు లెక్కపెట్టినారంట,
బొగ్గు బస్తాలని పెట్టినట్టు.
అందుకనే చూసినాడు ఆయన,
కమ్మీ పట్టుకొని నిలబడటం తప్ప
ఇంకో పని లేక.

రక్తాక్షి ఉగాది వెళ్ళి ఏడోనాడు, శనివారం.
ఆ దేశం పేరే పెట్టుకున్న ఓడ, ఆస్ట్రేలియా.
పుచ్చు లేదు, పగులు లేదు, ఒళ్ళు నిక్షేపంగా ఉండాది.
దాన్ని చిన్న చిన్న పడవలు తాళ్ళేసి లాగుతుంటే
కబేళాకి తోలే గిత్త మాదిరి
తల తిప్పకుండా రేవు వాకిలి దాటిందంట.
యుద్ధం గెలిచిన దొరలందరూ కూర్చొని
రాసుకున్నారంట కాగితం:
నీకిన్ని ఓడలు, నాకిన్ని,
మిగిలినవి ముంచెయ్యాల.

మొదటి రకంలో ఆయన కళ్ళారా చూసినాడు,
బోర్లపడి, పొట్ట చూపించి,
తాబేలు మాదిరి పోయిందని.
రెండో రకంలో చూళ్ళేదు, శానా దూరం.
పైనాళ్ళు చెప్పుకుంటుంటే సారంగు విన్నాడు,
సారంగు చెప్తే ఈయన విన్నాడు.
మూడోది కల్లు తాగినప్పటిది.
అందులో ఏమీ చెప్పడు.

మా అత్త చెంగమ్మకి ఒకటే అనుమానం.
"తుపానొచ్చిందా?"
లేదు.
"బొక్క పడిందా?"
వాళ్ళే పెట్టినారు.
"గంగమ్మ మొక్కా?"
కాదమ్మా.
"అయితే అబద్ధం" అని తేల్చేసి
మళ్ళీ వల ముడేసుకుంది.

మా పాళెంలో పడవని ఎవురూ చంపరు.
ముసిలిదైతే విప్పుతాం.
అడుగుదుంగ గడపవుద్ది,
పక్క చెక్కలు మేకల దొడ్డికి తలుపు.
మేకులు పీకి, రాయి మీద తిన్నగా కొట్టి
డబ్బాలో దాస్తాం.
మా గడప దాటిన ప్రతిసారీ
మామ తోలిన పడవ కాలికి తగుల్తాది.

ఆ రాత్రి నేనొకటే అడిగినా.
ఆ మాట్టాడే పెట్టె, ముంచేముందు
ఊడదీసుకున్నారా?
"ఏమో. కొన్ని తీసుకున్నారంట,
కొన్ని వదిలేసినారంట" అని
అటు తిరిగి పడుకున్నాడు.
వీపు మీద బొగ్గు ఇంకా పోలా.

అబ్రకం నీళ్ళకి నానదు, నిప్పుకి మండదు.
నా గోటి గాటు పడిన పొర ఒకటి
ఆ చీకట్లో యాడో ఉండొచ్చు.
ఉండకపోవచ్చు కూడా,
ఆ ఓడ నాకంటే ముందే పుట్టిందేమో
నేనెవుర్నడగాల?

మరుసటి నెల కొట్లో గుమాస్తా కేకేసినాడు,
సీమనించి సరుకు రెట్టింపు అడిగినారని.
"ఓడలు వద్దని ముంచేసినారంట గదయ్యా?"
"ముంచితే? కొత్తవి రెండు కట్టిస్తన్నారంట వాళ్ళే.
చెయ్యాడించు."

పల్చగా చీలిస్తే తూకం తక్కువ,
తూకం తక్కువైతే కూలి తక్కువ.
అయినా ఆ పూట పల్చగానే లేపినా ఒక పొర,
కంటి కాడ పెట్టుకొని చూసినా.
మా నెల్లూరు సీమ అబ్రకం ఆకుపచ్చన.
తక్కెడ, గోనెలు, గుమాస్తా మొహం
అన్నీ పచ్చగా, నిదానంగా,
నీళ్ళడుగున ఉన్నట్టు.