యాభై గ్రాములు

ఇరవై రెండేళ్లు గుంటూరు మిర్చి యార్డులో
కాటా రాసిన చెయ్యి ఇది.
టిక్కీ ఎత్తి పెట్టగానే, అంకె కుదురుకోకముందే
నలభై మూడో నలభై నాలుగో చెప్పేసేవాణ్ణి.
ఇప్పుడు వంటింటి గట్టు మీద
అరచేతంత కాటా పెట్టుకుని
మీల్ మేకర్ తూస్తున్నాను.
యాభై గ్రాములు,
గిన్నె తరుగు తీసేసి.

కొత్తపేట డాక్టరమ్మ, మా పెద్దమ్మాయి ఈడుది,
మందుల చీటీ వెనక కంచం బొమ్మ గీసి
సగం మీద ఇంటూ కొట్టింది.
"ఇది అన్నం" అంది.
మూణ్ణెల్ల సగటు తొమ్మిది దాటిందట.
సగటంటే నాకు తెలియదా?
తేజ రేటు ఒకరోజు ఎగిరినా ఒకరోజు కూలినా
సీజను చివర రైతు చేతిలో మిగిలేది అదేగా.
ఆ బేరంలో నేను నోరెత్తలేదు.

మొదటిరోజు
ప్యాకెట్టు మీద బొమ్మ చూసి నేరుగా పులుసులో వేశాను.
వానకు తడిసిన గోనెసంచి నమిలినట్టుంది.
రాహేలు ఒక ముక్క కొరికి
"యార్డుని ఇంటికి మోసుకొచ్చావయ్యా" అంది.
నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

తొడిమలు తీసే షెడ్డులో ఖాసింబీ చెప్పింది,
చేతులు ఆపకుండా, తల ఎత్తకుండా:
"ఉప్పూ పసుపూ వేసిన నీళ్లలో రెండు పొంగులు రానీ.
చల్లార్చి పిండు. ఆ నీళ్లు పారబొయ్యి.
మళ్లీ చన్నీళ్లలో వేసి మళ్లీ పిండు.
నీకు బాకీ ఎగ్గొట్టినోడి మెడ అనుకుని పిండు.
దానికి సొంత వాసనే గానీ
సొంత రుచి లేదు గుమస్తా.
వాసన పోగొడితే
నువ్వేది పోస్తే అది తాగుద్ది."

పిండుతుంటే కీచుమంటాయి.
వేళ్ల సందుల్లోంచి నురుగు.
మిరపకాయల మీద నీళ్లు చల్లుకొచ్చిన సరుకుని
ఒక్క వేలితో పట్టేసేవాణ్ణి నేను,
"ఆరబెట్టుకురా పో" అని కసిరేవాణ్ణి.
ఇవాళ నేనే నానబెట్టి
యాభైని నూట యాభై చేసుకుంటున్నాను.

పొడి మూకుట్లో ముందు వేయిస్తాను, తేమ చిటపటమని పోయేదాకా.
అప్పుడు చెంచాడు నూనె, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి,
చివర్న గుప్పెడు గోంగూర.
కారం మాత్రం తూచను.
డాక్టరమ్మ దాని మీద ఇంటూ కొట్టలేదు.

కాలీఫ్లవర్ తురిమి ఆవిరి పట్టి గుట్టగా పోస్తే
దూరానికి అన్నమే.
దగ్గరికొస్తే పువ్వు.
యాభై ఆరేళ్లుగా వేళ్లకొక పని అలవాటు,
కలిపి, నొక్కి, ముద్ద చెయ్యడం.
ఇది ముద్ద కట్టదు.
వేళ్లు కాసేపు కంచంలో
పోయిన తాళంచెవి కోసం వెతికినట్టు వెతికి
ఊరుకుంటాయి.
మీల్ మేకర్ ముక్క ఒకటి పంటి కింద
మాంసంలా సాగి, కాదని ఒప్పుకుని,
గోంగూర పులుపుతో నన్ను బుజ్జగిస్తుంది.

సందు చివర బడ్డీకొట్టు అంకమ్మరావు
రోజూ అడుగుతాడు, "అన్నం తిన్నావా అన్నా?"
"తిన్నా" అంటాను.
ఆ ప్రశ్నకి మన భాషలో
ఇంకో మర్యాదైన జవాబు లేదు.

వారం రోజులు రాహేలు
పెరట్లో, బట్టల తీగ కింద, నాకు వీపు పెట్టి తిన్నది.
ఎనిమిదో రోజు కంచం లాక్కొచ్చి
నా ఎదురుగా పెట్టాను.
ఇక్కడే తిను, నీ అన్నం నేనే వండుతాను అన్నాను.

ఇప్పుడు రెండు పొయ్యిలు.
ఒకదాని మీద నా నూట యాభై,
ఇంకోదాని మీద ఆమె గ్లాసుడు బియ్యం.
ఉడికిందో లేదో చూడాలిగా.
ఒక్క మెతుకు తీసి రెండువేళ్ల మధ్య నలుపుతాను.
మెత్తగా, వేడిగా, పలుకు లేకుండా.
పారెయ్యడానికి చెయ్యి రాదు.

ఒకసారి నిజంగానే
ఆ మెతుకుని కాటా మీద పెట్టి చూశాను.
సున్నా చూపించింది.

నాలుక మీద వేసుకుని
గంజి వార్చాను.