మూడో నంబరు గది

జనవరిలో గది అడిగారు, అక్టోబరులో వచ్చారు.
మధ్య తొమ్మిది నెలల్లో ఏం జరిగిందో ఏమో
ఒకే కారులోంచి ఎడమొహం పెడమొహంగా దిగారు.
డబ్బు తిరిగివ్వబడదని ముందే రాసి ఉంచాను కదా,
ఆ ఒక్క వాక్యమే ఇంతదూరం తోలుకొచ్చి ఉంటుంది ఇద్దర్నీ.

గుమ్మం మీద 'ప్రేమికుల విడిది' అని బోర్డు రాయించింది పాస్కో.
నేనైతే 'వేడినీళ్ళు వస్తాయి' అని రాయించేదాన్ని.

ఆవిడ హెస్టర్. ఆయన డంకన్.
మెట్ల దగ్గర గొంతు తగ్గించి అడిగాడు:
"రెండు మంచాలున్న గది ఏమైనా..."
లేదు నాయనా.
ఒకటో గదిలో పక్షులు చూసేవాళ్ళు నలుగురు,
రెండో గదిలో కారే పైకప్పు కింద బకెట్టు కాపురముంటోంది.
మూడో నంబరే మీది.

ఆ గదిలో దిండ్ల మీద గులాబీ రేకులు చల్లి ఉంచాడు పాస్కో,
సగం ధరకి తెచ్చిన సూపర్‌మార్కెట్ గులాబీలు.
వాళ్ళకంటే ముందు పరుగెత్తి
అన్నీ ఏప్రన్ జేబులో కుక్కుకున్నాను.
ఒక రేకు మంచం కిందికి జారింది.
వంగలేకపోయాను, మోకాళ్ళు.

తలుపు వెనక ఆటుపోట్ల పట్టిక ఉంటుంది.
చాలామంది ఫొటో తీసుకుంటారు, చదవరు.
ఈ కార్న్‌వాల్ ఒడ్డున సముద్రం రోజుకి రెండుసార్లు
ఇల్లు వదిలి పోతుంది, రెండుసార్లు వస్తుంది.
నిన్నటి వేళకి మాత్రం రాదు,
రోజూ ఓ యాభై నిమిషాలు ఆలస్యం.
పడవ ఉన్న రోజుల్లో పాస్కో కూడా అంతే.

రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది.
గాలి పొగగొట్టంలో దూరి ఏదో పాత తగువు తవ్వుతోంది.
ఒక కొవ్వొత్తీ, ఒక వేడినీళ్ళ సంచీ పట్టుకుని పైకెళ్ళాను.
ఇంకోటి ఉందా అని ఆవిడ అడగలేదు.
ఉంది, నా పక్కలో.
నేనూ చెప్పలేదు.

అర్ధరాత్రి దాటాక పైనుంచి చప్పుడు.
మంచం చప్పుడు ముప్ఫై ఏళ్ళుగా వింటున్నదాన్ని,
ఇది అది కాదు.
దబ్. దబ్. చెక్క మీద అరచేయి.
కాసేపటికి రెండు.
తర్వాత నాలుగు.
ఆపైన సముద్రం ఇంట్లోకే వచ్చేసినంత హోరు.
ఎవరో నవ్వారు. లేదా దగ్గారు.
పాస్కో నిద్రలోనే "తలుపెయ్యి" అన్నాడు.

పొద్దున ఎనిమిదిన్నరకి గంట కొట్టాను.
ఉడికిన గుడ్లు, పొగ పట్టించిన చేప, నారింజ మార్మలేడు.
ఆవిడ ఎటో చూస్తూ కూర్చుంది.
ఆయన ఆవిడ గుడ్డు నెత్తిన చెంచాతో ఒకటి వేసి,
పెంకు ఒలిచి, ఉప్పు చల్లి, ముందుకి జరిపాడు.
మాట లేదు.
మనసు అలిగిన సంగతి చేతికి ఎవరూ చెప్పినట్టు లేదు.
ఆవిడ తింది.
సొన గట్టిపడిపోయిందని నన్ను కోప్పడింది.

గెస్టు పుస్తకంలో ఆయన రాత:
"కిటికీ బిగుసుకుపోయింది. ఇద్దరం తోస్తే తెరుచుకుంది."
కింద ఆవిడ రాత, వేరే కలంతో:
"తర్వాత మూయడం ఎవరి తరమూ కాలేదు."

వెళ్ళేటప్పుడు కారు ఆవిడ నడిపింది.
మలుపు దాకా చూద్దామనే అనుకున్నాను,
పక్షులవాళ్ళు ఇంకో విడత టోస్టు అడిగారు.

దుప్పట్లు ఉతికేదానికి అన్నీ తెలుస్తాయంటారు.
నాకు తెలిసింది ఇంతే:
పరుపు కిటికీ వైపు సగం వానకి, ఉప్పునీటికి తడిసి ముద్దయింది.
తలుపు వైపు సగం పొడిగా ఉంది, బాగా నలిగి ఉంది.
దిండ్లు రెండూ అటే.

గులాబీ రేకు మంచం కిందే ఉంది.
ఊడ్చేశాను.
పాస్కో చిత్రిక పట్టుకొచ్చాడు, కిటికీ గీకుతానని.
ముందు వెళ్ళి ఆ బకెట్టు పారబోసి రా, అన్నాను.