తీగ పాకం

గుండె చుట్టూ ఉండే కండకి నకలు చేయాలంటే
ముందు పంచదార తూచాలి.
నీళ్లు, ఉప్పు, చిక్కబడడానికి కాస్త జిగురు పొడి.
పాళ్లు కుదిరితే, నాలుగొందల మెగాహెర్ట్జ్ దగ్గర
రేడియో తరంగం దాన్ని మనిషే అనుకుంటుంది.
పాపం, తరంగానికి కళ్లు లేవు.

డండీలో, టే నది వంతెన మీద
మూడున్నరకే దీపాలు వెలిగే నాలుగేళ్ల కిందటి డిసెంబరు.
నేలమాళిగ ల్యాబులో కాలమ్ గరిటె తిప్పుతుంటే
రెండు వేళ్ల మధ్య చుక్కని సాగదీసి చూశాను, అలవాటు కొద్దీ.
లేత పాకం. ఇంకా తీగ రాలేదు.
తీగ ఏమిటన్నాడు.
తీగ లేని మాట కోసం తీగ పాకం పడుతున్నామని
అతని భాషలో ఎలా నవ్వించను?

గాలిలో జానెడు కావాలి ఈ యాంటెన్నాకి.
ఒంట్లో దానికిచ్చే చోటు బొటనవేలి గోరంత.
మడిచాను. మళ్లీ మడిచాను.
జంతికల గొట్టంలోంచి దిగే పిండిలా
రాగిని మెలికలు మెలికలుగా బిళ్ల మీద పరిచాను.
తడి కొంత తోడొచ్చింది. నీరున్న చోట అల కురచవుతుంది,
ఇరుకు సందులో భారీ మనిషి భుజాలు ముడుచుకున్నట్టు.
కానీ ఆ తడే మాటలో ముప్పాతిక మింగేస్తుంది.
ఒళ్లు మంచి శ్రోత.
విన్నది బయటికి పోనివ్వదు.

ప్రతిధ్వని పుట్టని గదిలో, నురుగు శంకువుల మధ్య,
తెర మీది గీత లోయలోకి దిగింది
సరిగ్గా దిగవలసిన చోట.
సంతకం పెట్టాను.

నెట్టా గెడ్డిస్‌కి డెబ్భై ఎనిమిది.
కాలర్‌బోన్ కింద నా రాగి మెలిక.
రాత్రి రెండింటికి అది మంచం పక్క పెట్టెకి
ఆ రోజు లెక్క అప్పజెప్పాలి:
గుండె ఎన్నిసార్లు తడబడింది,
తను ఎన్నిసార్లు తట్టి లేపింది.
అక్టోబరు దాకా చెప్పింది.
తర్వాత పదకొండు రాత్రులు ఒక్క మాట లేదు.

వెళ్లాను. హిల్‌టౌన్ ఎగువన, మూడో అంతస్తు.
పెట్టె బాగుంది. బిళ్ల బాగుంది.
ఆమె మాట్లాడితే పెదాలు
ఒక్కో అక్షరాన్నీ విడిగా పట్టి చూపిస్తాయి.
జనపనార మిల్లు అలవాటంది.
మగ్గాల హోరులో గొంతు పక్క మనిషికే అందదు,
అందుకని షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి
పెదాలతోనే కబుర్లు, చేతులతోనే తిట్లు.
ఫోర్‌మన్‌కి మాత్రం ఒక్క ముక్క అందేది కాదట.
మా భీమిలి వైపు నుంచీ నార ఓడెక్కేది ఒకప్పుడు, గోగునార;
ఆ మొక్క ఆకు మేం పచ్చడి చేసుకుంటామంటే
గోనెసంచి తింటారా అని పొట్ట పట్టుకుని నవ్వింది.

లేవబోతూ చూశాను.
దిండు మీద, ఊలు తొడుగేసిన వేడినీళ్ల రబ్బరు తిత్తి.
ఎక్కడ పెట్టుకుంటారన్నాను.
ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసుకుంది.
మరి హీటరు?
గోడ మీది మీటరు వైపు చూసింది.
ఈసారి పెదాలు కదల్లేదు.

రెండు లీటర్లు.
బిళ్లకీ పెట్టెకీ మధ్య
ఆమె కావలించుకు పడుకున్న చిన్న సముద్రం.

కండరం లెక్క వేశాను, కొవ్వు లెక్క వేశాను,
చర్మం మందం మిల్లీమీటరులో పదోవంతు దాకా వేశాను.
చలి లెక్క వేయలేదు.

తీసెయ్యమని చెప్పొచ్చు.
పరికరం మీద ఏ వస్తువూ ఉంచరాదని
సూచనల పుస్తకంలో ఉంది. ఆ వాక్యం నాదే.
చెప్పలేదు.
పెట్టెని వంటింటి బల్ల మీదికి మార్చాను,
రాత్రి రెండుని పొద్దున పదకొండు చేశాను,
ఆమె టీ వేళకి.

సోమవారం కాలమ్ కొత్త తిత్తి కొనుక్కొచ్చాడు,
గొర్రెపిల్ల బొమ్మ తొడుగుతో.
పాకం తొట్టి మీద పడుకోబెట్టాం.
గీత పక్కకి జరిగింది. లోయ పూడిపోయింది.
రాగిని మళ్లీ మడవాలి.

పరీక్షల పట్టికలో ఇంకో వరుస చేర్చి
పేరేం పెట్టాలో తెలీక చాలాసేపు కూర్చున్నాను.
డిసెంబరు అని రాశాను.