ప్లస్ సోహార్ ఒకటి

తప్పు కాటాది కాదు.
మూడో నంబర్ వేబ్రిడ్జి మీద ట్రక్కు ఎక్కినప్పుడల్లా
లోపలి ప్రోగ్రాం కామాను చుక్క అనుకునేది.
నలభై వేల కిలోల క్రోమైటు
చీటీ మీద నలభై కిలోలై దిగేది.

ఒక్క లైను దిద్ది, ప్యాకేజీ మళ్లీ కట్టాను.
కట్టడానికి అరగంట.
పేరు పెట్టడానికి రాత్రి డ్యూటీ మొత్తం.

పాత పేరే ఉంచితే
శుక్రవారం తెల్లారుజామున అప్‌డేట్ వచ్చి
నాదాన్ని తుడిచి పోతుంది.

నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్న తాహెర్ భాయ్
తనదాన్ని ఎవరూ దాటకూడదని
ఒక ప్యాకేజీకి, అంకెలన్నిటికీ ముందు,
తొమ్మిదీ కోలనూ తగిలించి పోయాడు.
అక్కడ పెట్టిన అంకెకు ఎక్కడమే గాని దిగడం రాదు.
ఆయన మస్కట్ దాటి ఎటో వెళ్లిపోయాడు.
మా మెషీన్లలో ఆ తొమ్మిది
అసలు తీరినా తీరని వడ్డీలా ఉంది.

కీబోర్డు ఎడమ మూల చిన్న అల ఒకటుంటుంది, టిల్డె.
అది పెడితే పేరు పెరిగి విలువ తగ్గుతుంది,
ఏమీ లేకపోవడం కంటే కూడా కిందికి.
పరీక్షకు కట్టినవన్నీ దాని వెనకే నిలబెడతాను,
అసలుది రాగానే లేచి సీటిచ్చేలా.
విజిట్ వీసా మీద ఆ మూడు నెలలూ
నా పేరు చివరా అదే ఉండేది,
అచ్చులో పడలేదంతే.

"ఊరి పేరెందుకు, నీ పేరు పెట్టు" అన్నాడు షిబు
చాయ్ కప్పు సర్వర్ మీద పెడుతూ.
ముందు కప్పు తీయమన్నాను.
నా పేరా?
మా ఇంటిపేరు ముందుండాలి, ఏలేటి అని.
కార్డులో దాన్ని చివరికి తోసి
మధ్యలో నాన్నను ఇరికించారు.
పాస్‌పోర్టులో ఒకలా, కార్డులో ఒకలా, బ్యాంకులో ఒకలా.
మూడిట్లో ఏది కొత్తదో
పోల్చి చెప్పే కమాండ్ లేదు.

రెండు పాయింట్ నాలుగు, హైఫన్ రెండు,
ప్లస్ సోహార్ ఒకటి.
వాళ్ల రెండు కంటే వెంట్రుకవాసి ఎక్కువ,
వాళ్ల మూడు కంటే తక్కువ.
ఆ సందు చాలు.

పదకొండు నెలలకు మూడు వచ్చింది,
కామా దిద్దుకునే వచ్చింది.
మెషీన్ నన్నొక్క మాట అడగకుండా
నాదాన్ని తీసి దాన్ని పెట్టింది.
అలా జరగాలనే కదా ఆ పేరు.

అయినా లేచి కిటికీ దగ్గరకు వెళ్లాను.
దుమ్ములోంచి ట్రక్కు ఎక్కింది.
నలభై వేల నూట ఇరవై.
డ్రైవరు చీటీ చూడకుండానే జేబులో దోపుకుని
గేరు వేశాడు.